టీకా ఎవరి పొట్టను చూసి తయారవ్వాలి

బుధవారం పొద్దున్న ఏడున్నరకి మా అక్క పీహెచ్‌సీ వరండాలో నిలబడి, ఐస్ ప్యాక్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతుంది. లోపల నీళ్ళు కదిలిన చప్పుడు రావాలి. రాకపోతే దాన్ని మళ్ళీ బల్ల మీద పెట్టి ఇంకాసేపు ఆగుతుంది. డీప్ ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ప్యాక్ రాయిలా ఉంటుంది. దాన్ని అలాగే వ్యాక్సిన్ క్యారియర్‌లో సర్దేస్తే పక్కనున్న పెంటా (ఐదు జబ్బులకి కలిపి వేసే టీకా) సీసా గడ్డకట్టి పాడైపోతుంది. ప్యాక్ పైన చెమట పట్టాలి, లోపల కాస్త నీరు ఆడాలి. అప్పుడు నాలుగు ప్యాకులూ నాలుగు వైపులా నిలబెట్టి, మధ్యలో సీసాల కవరు దించి, మూత బిగిస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఏఎన్ఎం. ఊళ్ళో వాళ్ళకి నర్సమ్మ గారు.

అక్కణ్ణించి ఏటిగట్టు దాకా స్కూటీ, రేవులో నాటు పడవ, అవతల ఇసుకలో అర కిలోమీటరు నడక. భుజాన నీలం పెట్టె. మాది కోనసీమ. గోదారి పాయలు చీలిన చోటల్లా ఇలాంటి లంకలే. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఆ లంకలో ఇళ్ళు కిటికీల దాకా మునిగాయి. రెండు వారాలు టీకాల రోజన్నదే లేదు. నీళ్ళు తీశాక వెళ్ళిన మొదటి పడవలో బియ్యం బస్తాల పక్కన అక్క పెట్టె కూడా ఉంది.

పోయిన ఏప్రిల్‌లో నేనూ ఆమెతో లంకకి వెళ్ళాను. పది వారాల పిల్లాడు. నాయనమ్మ ఒళ్ళో పడుకోబెట్టుకుని కూచుంది. అక్క వాడి బుగ్గలు రెండు వేళ్ళతో మెల్లగా నొక్కి, చెంప లోపలి వైపుకి రోటా చుక్కలు వేసింది. పసిపిల్లలకి విరేచనాలు పట్టించే రోటా వైరస్ మీద టీకా అది. వాడు నాలుక బయటికి తోశాడు. చుక్కల్లో కొంత చొంగతో కలిసి గడ్డం మీదికి జారింది. నాయనమ్మ కొంగుతో తుడవబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టి, వాడు గుటక వేసేదాకా అలాగే చూసింది.

తిరిగొచ్చేటప్పుడు పడవలో అంది: "లోపలికి వెళ్ళింది కరెక్టుగానే వెళ్ళిందనుకో. వెళ్ళాక ఏమవుతుందిరా? అందరికీ ఒకలాగే పని చేస్తుందా?"

నేను ఫార్మసీ కాలేజీలో ఫార్మాస్యూటిక్స్ చెబుతాను. మందు ఒంట్లో ఎక్కడ విడిపోవాలి, ఎక్కడిదాకా చెడకుండా ఉండాలి అన్నదే మా సబ్జెక్టు. అయినా ఆ ప్రశ్నకి పడవలో సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం కోసం ఇన్ని నెలలు చదివాను. మొక్కల నుంచి తీసిన నానో పదార్థాలతో నోటి టీకాలు చేసే పని గురించి చదివే కొద్దీ ఉత్సాహం పెరిగింది, దానితో పాటే ఒక పట్టుదల కూడా. ఈ టీకాలు ఏ దేశంలో తయారైనా సరే, మా లంకలో పిల్లాడి పొట్ట లాంటి పొట్టను ముందు పెట్టుకుని తయారవ్వాలి. ఆఖర్న తెచ్చి ఇక్కడ పరీక్షిస్తే చాలదు. నా వాదన ఇదే.

ముందు నోటి టీకా ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. సూదితో వేసిన టీకా ఎక్కువగా రక్తంలో యాంటీబాడీలను పెంచుతుంది. కానీ విరేచనాలు పట్టించే క్రిములు వచ్చే దారి నోరు, అవి తిష్ట వేసే చోటు పేగు. ఆ పేగు గోడ మీదే కాపలా ఉండే యాంటీబాడీ ఒకటుంది, ఐజీఏ అంటారు. నోటి ద్వారా వెళ్ళిన టీకా ఆ కాపలాని నేరుగా లేపగలదు. పైగా సూది అక్కర్లేదు, సిరంజిల చెత్త ఉండదు, పిల్లాడికి నొప్పి ఉండదు, వేసేవాళ్ళకి పెద్ద ట్రెయినింగ్ కూడా అక్కర్లేదు. పోలియో చుక్కలు అందుకే ఇంటింటికీ వెళ్ళగలిగాయి.

కష్టం కూడా అక్కడే మొదలవుతుంది. తిన్నదాన్ని ముక్కలు చెయ్యడమే పొట్ట పని. జీర్ణాశయంలో ఆమ్లం, ప్రోటీన్‌ని ముక్కలు చేసే పెప్సిన్ కలిసి ప్రోటీన్ దేన్నీ వదలవు. టీకాలో అసలు సరుకు చాలాసార్లు ప్రోటీనే. పప్పులో ప్రోటీన్‌కి పట్టిన గతే దానికీ పడుతుంది. దాన్ని దాటుకుని చిన్నపేగుకి చేరినా, అక్కడ పేయర్స్ ప్యాచెస్ అనే చిన్న చిన్న మచ్చల్లాంటి చోట్ల ఉండే ఎం-కణాలకి దొరకాలి. అవి పేగులోంచి నలకల్ని లోపలికి తీసుకుని, వెనకాల కాచుకున్న రోగనిరోధక కణాలకి అందిస్తాయి. ఎం-కణాలకి నలకలంటే ఇష్టం. నీళ్ళలో కరిగిపోయిన ప్రోటీన్ కన్నా, ఒక చిన్న ఉండలా ఉన్నదాన్ని తేలిగ్గా పట్టుకుంటాయి. నానో పదార్థాల కథంతా ఈ ఒక్క సంగతి మీద నిలబడి ఉంది. టీకాని చిన్న ఉండలో పెట్టి, ఆమ్లం దాటించి, పేగులో ఎం-కణం చేతికి అందించాలి.

నానో అంటే ఎంత చిన్నది? తలవెంట్రుక మందం 80 వేల నానోమీటర్లు అనుకుంటే, మనం మాట్లాడే ఉండలు వంద, రెండు వందలు, ఐదు వందల నానోమీటర్లు.

ఇవి చెయ్యాలంటే కోట్ల ఖరీదు చేసే మిషన్లు కావాలనుకుంటారు చాలామంది. ఏటా మా ల్యాబ్‌లో పిల్లల చేత చేయించే ప్రయోగం ఒకటి చెబుతాను. మొక్కజొన్న గింజలో జీన్ (zein) అనే ప్రోటీన్ ఉంటుంది, జన్యువుని అనే జీన్ కాదు. నీళ్ళలో కరగదు, నీళ్ళు కలిపిన ఆల్కహాల్‌లో కరుగుతుంది. అలా కరిగించిన ద్రావణాన్ని, గిరగిర తిరుగుతున్న మామూలు నీళ్ళలోకి చుక్క చుక్కగా వదలాలి. ఆల్కహాల్ నీళ్ళలో కలిసిపోతుంది, జీన్‌కి నిలవ నీడ ఉండదు. కరగలేక, తనలో తనే ముడుచుకుని ఉండలు కడుతుంది. బీకరులో నీళ్ళు కళ్ళ ముందే పల్చటి పాలలా తెల్లబడతాయి. ట్యూబ్‌లైట్లు ఆర్పి లేజర్ లైటు వేస్తే దాని గీత నీళ్ళలో ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపిస్తుంది. నిమిషం ముందు కనిపించలేదు. లక్షల కోట్ల ఉండలు ఆ వెలుగుని చెదరగొడుతున్నాయన్నమాట. ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడాలి. జీన్ కట్టిన ఉండల లోపల మందు గానీ ప్రోటీన్ గానీ దాచవచ్చు. నీటికి లొంగని గుణం వల్ల జీన్ కడుపులో అంత త్వరగా విడిపోదు.

సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్ ఇంకో రకం. ఆమ్లంలో బిగుసుకుంటుంది, పేగులోకి రాగానే ఉబ్బి వదులవుతుంది. టీకా దాచడానికి ఇంతకన్నా ఏం కావాలి! దానికి తోడుగా తరచూ వాడే కైటోసాన్ రొయ్య పెంకుల నుంచి వస్తుంది. ఆ పెంకులు మా జిల్లాల్లో కావలసినన్ని ఉన్నాయి, కానీ అది మొక్కల లెక్కలోకి రాదు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను. పుప్పొడి రేణువుల పైపెంకు ఉంటుంది చూడండి, ఆమ్లాలకి లొంగని గట్టి పదార్థం. లోపలి సరుకు కడిగేసి, ఖాళీ పెంకులో టీకా నింపి ఎలుకల మీద చూసినవాళ్ళున్నారు. ఆ పెంకులు కొలతలో నానో కన్నా చాలా పెద్దవే అయినా పని మాత్రం అదే.

ఇదంతా ఎలుకల దగ్గరే ఆగిపోయిన ముచ్చట అనుకోకండి. కుంకుడుకాయ నలిపితే నురగ వస్తుందే, ఆ నురగకి కారణం సాపోనిన్లు. దక్షిణ అమెరికాలో చిలీ దేశపు క్విల్లాయా చెట్టు బెరడులోనూ సాపోనిన్లు ఉంటాయి. వాటిని కొలెస్ట్రాల్‌తో, కొవ్వుతో కలిపితే 40 నానోమీటర్ల గూడు ఒకటి తనంతట తనే అల్లుకుంటుంది. ఆ గూడు ఇప్పుడు ఆర్21 అనే మలేరియా టీకాలో ఉంది. ఆ టీకాని తయారు చేస్తున్నది పుణెలో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 అక్టోబరులో దాన్ని సిఫారసు చేసింది. అది సూది టీకాయే, ఒప్పుకుంటాను. కానీ ఒక చెట్టు బెరడు నుంచి వచ్చిన నానో పదార్థం ఇప్పటికే పిల్లల ప్రాణం కాపాడే పనిలో ఉంది.

నా మనసు ఎక్కువగా లాగింది మాత్రం మా నేలకి దగ్గరైన రెండు పంటలు. పొగాకు, వరి.

లంక పొగాకు అంటే గోదారి వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వరద తీశాక ఒండ్రులో వేసే, చుట్టలకి వాడే పొగాకు. రాజమండ్రిలో 1947లోనే పొగాకు పరిశోధనకి కేంద్ర సంస్థ పెట్టారంటే ఆ పంటకి ఇక్కడున్న చోటు ఎంతో తెలుస్తుంది. ఆ పొగాకుకి వచ్చే మొజాయిక్ తెగులు రైతుకి శత్రువు. ఆకు మీద లేత, ముదురు ఆకుపచ్చ మరకలు. ఒక మొక్కని ముట్టుకున్న చేత్తో ఇంకో మొక్కని ముట్టుకుంటే చాలు, అంటుకుంటుంది. ఎండిన ఆకులో కూడా ఏళ్ళ తరబడి చావదు. మనిషి గుర్తించిన మొట్టమొదటి వైరస్ అదే. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, 1898లో హాలండ్‌లో బైయరింక్ దాని జాడ పట్టారు. 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం ఉన్న కర్ర. దాని చుట్టూ మెట్ల వరసలా 2,130 ప్రోటీన్ ముక్కలు పేర్చి ఉంటాయి. మనుషులకి జబ్బు చెయ్యదు.

రైతుని ఏడిపించిన ఆ మొండితనమే టీకా చేసేవాళ్ళకి వరమైంది. ఎండకి, ఆమ్లానికి త్వరగా లొంగని కర్ర మీద, ఏ క్రిమి నుంచి కాపాడాలో దాని ప్రోటీన్ ముక్కల్ని వేల సంఖ్యలో అతికించవచ్చు. బొబ్బర్లకి వచ్చే మొజాయిక్ వైరస్ ఇంకోటుంది, 30 నానోమీటర్ల బంతి. ఎలుకలకి తినిపిస్తే కడుపు దాటి చెక్కుచెదరకుండా ఒంట్లోకి చేరిందని తేల్చారు.

నమ్మకం కుదరకపోతే మిరపకాయని అడగండి. మిరపకి, క్యాప్సికమ్‌కి పట్టే ఒక మోటిల్ వైరస్ ఉంది. కారం తిన్న మనిషి పొట్టంతా దాటి, పాడవకుండా మలంలో బయటికి వచ్చేస్తుంది. ఎంత నిఖార్సుగా వస్తుందంటే, ఏరులో గానీ కాలువలో గానీ మురుగు కలిసిందా లేదా అని తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఆ వైరస్‌నే వెతుకుతారు. మొక్కల వైరస్ మనిషి పొట్టని దాటగలదా అన్న సందేహానికి మన ఆవకాయ జాడీలోనే జవాబుంది. ఆ మురుగు మాట మళ్ళీ ఎత్తుతాను, గుర్తుంచుకోండి.

ఇక వరి. వరి గింజలో ప్రోటీన్ చిన్న చిన్న మూటల్లో ఉంటుంది. కచ్చితంగా చెప్పాలంటే ఆ మూటలు నానో కొలతకి కాస్త పైనే. జపాన్‌లో టోక్యో విశ్వవిద్యాలయం వాళ్ళు కలరా విషంలో హాని చెయ్యని భాగాన్ని, బి-సబ్‌యూనిట్ అంటారు, వరి గింజలోనే తయారయ్యేలా జన్యువు మార్చారు. ఆ ప్రోటీన్ వెళ్ళి మూటల్లో సర్దుకుంది. పెప్సిన్ పోసినా చాలావరకు నిలిచింది. ఏడాదిన్నర మామూలు గది వేడిలో ఉంచిన బియ్యం కూడా ఎలుకల్లో పని చేసిందని 2007లో ప్రకటించారు. ఫ్రిజ్ లేదు, ఐస్ ప్యాక్ లేదు. అక్కకి ఈ సంగతి చెబితే, చేతిలో పని ఆపి నా వైపు చూసి, "బియ్యం డబ్బాలో పెట్టుకుని పోవచ్చన్నమాట" అంది.

ఇలాంటివి చెప్పగానే మా వాళ్ళ ఆలోచన ఒకే వైపు పోతుంది. అయితే మనమే పండిద్దాం! స్వర్ణ లాంటి రకాన్ని దేశమంతటికీ ఇచ్చింది మార్టేరు వరి పరిశోధనా కేంద్రం. రావులపాలెం అరటి మార్కెట్టు నుంచి రోజూ లారీలు పోతాయి. టీకా వరి, టీకా అరటి ఇక్కడ పండకపోతే ఎక్కడ పండుతాయి? నిజానికి 1990ల్లో ఈ రంగానికి ఊపిరి పోసింది అరటిపండు కలే. అమెరికా శాస్త్రవేత్త ఛార్లెస్ ఆర్న్‌ట్‌జెన్ బ్యాంకాక్‌లో ఒక తల్లి ఏడుస్తున్న పిల్లకి అరటిపండు ముక్క పెట్టడం చూసి, టీకా అందులోనే ఉంటే ఎంత బాగుంటుందో అనుకున్నాడంటారు. 1998లో బంగాళాదుంపతో మనుషుల మీద తొలి పరీక్ష కూడా జరిగింది. పచ్చి దుంప తిన్న 11 మందిలో 10 మందికి యాంటీబాడీలు నాలుగు రెట్లు, అంతకు మించి పెరిగాయి.

ఆ కల నాకూ ఇష్టమే. కానీ మా పొలాల్లో అది వద్దు అనే పక్షంలో ఉన్నాను. నా కారణాలు చెబుతాను.

ఒక గెలలో రెండు పళ్ళు ఒకేలా ఉండవు. ఒక పండులో టీకా ఎక్కువ, ఇంకో దానిలో తక్కువ అయితే డోసు ఎవరు లెక్కపెడతారు? తక్కువైతే పని చెయ్యదన్నది ఒక్కటే కాదు, ఇంకో ప్రమాదం ఉంది. మనం రోజూ తినే తిండి మీద ఒళ్ళు యుద్ధానికి దిగకూడదు కాబట్టి, నోటి ద్వారా పదే పదే వచ్చేదాన్ని సహించడం పేగు నేర్చుకుంటుంది. అందరం రోజూ తినే పండులో టీకా పెడితే, కాపలా లేపాల్సింది పోయి నిద్రపుచ్చే అవకాశం ఉంది. అది మందు. కొలిచి, సమయానికి, నర్సమ్మ చేతి మీదుగానే వెళ్ళాలి.

రెండోది నేలకి సంబంధించింది. 2001లో అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో ఒక కంపెనీ పందుల టీకా కోసం జన్యువు మార్చిన మొక్కజొన్న వేసింది. మరుసటి పంటకి అదే పొలంలో సోయా వేశారు. రాలిన గింజలు మొలిచాయి. సోయాతో పాటు ఆ మొక్కజొన్న కూడా కోతలో కలిసి గోడౌన్‌కి చేరింది. 5 లక్షల బుషెళ్ళ సోయాని నాశనం చెయ్యాల్సి వచ్చింది, రెండున్నర లక్షల డాలర్ల జరిమానా పడింది. ఆ కంపెనీ పేరు ప్రోడిజీన్. ఇప్పుడు అదే సంగతి మా డెల్టాలో ఊహించండి. సార్వా కోసిన ఆరు వారాలకి దాళ్వా నాట్లు. రాలిన గింజ మొలవని మడి ఉండదు. విత్తనాల మడిలో కేళీలు, అంటే కలిసిపోయిన వేరే రకం మొక్కలు, ఏరడానికే రైతు నడుం విరుగుతుంది. పై మడి నీళ్ళు కింది మడిలోకి, బోదెలోంచి కాలువలోకి, కాలువలోంచి ఇంకో ఊరికి. ఒక్క వరద చాలు, ఎవరి గింజ ఎవరి పొలంలో ఉందో చెప్పలేం. మనం తినే, అమ్మే, ఎగుమతి చేసే బియ్యంలోకి టీకా గింజ ఒక్కటి కూడా రాకూడదు. జపాన్ వాళ్ళు తమ వరిని పొలంలో వెయ్యలేదు. నాలుగు గోడల మధ్య, మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీళ్ళలో పెంచారు. అదే దారి. టీకా పంట కావాలంటే మూసిన గదిలో పెంచండి. ఆ గది మండపేటలో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా తేడా లేదు. జీన్, ఆల్జినేట్ లాంటివైతే ఆ బాధే లేదు, మామూలు మొక్క నుంచే తీస్తాం.

ఇప్పుడు అక్క ప్రశ్న. అందరికీ ఒకలాగే పని చేస్తుందా?

చెయ్యదు. ఈ సంగతి మన దేశంలో చాలా ముందే తెలిసింది. 1970ల్లోనే వేలూరులో డాక్టర్ టి. జాకబ్ జాన్ చూపించారు. మూడు డోసుల పోలియో చుక్కలు చాలని బయటి దేశాల పుస్తకాలు చెబుతుంటే, మన పిల్లల్లో చాలామందికి ఆ మూడూ చాలలేదు. ఇంకా వెయ్యాల్సి వచ్చింది. తర్వాత ఉత్తరప్రదేశ్ లెక్కలు తీస్తే, టైప్-1 పోలియో మీద ఒక్కో డోసు కాపాడింది సుమారు 9 శాతమేనని 2006లో తేలింది. 1995లో పల్స్ పోలియో మొదలుపెట్టి, ఆదివారాలు ఇంటింటికీ తిరిగి, మళ్ళీ మళ్ళీ చుక్కలు వేసి పోలియోని తరిమారు. మన దేశంలో ఆఖరి కేసు 2011 జనవరి 13న హౌరాలో. ఆ గెలుపు వెనక అక్క లాంటి వాళ్ళ కాళ్ళ నొప్పులున్నాయి. మూడు డోసుల లెక్క మన పొట్టల్ని చూసి వేసుంటే, మొదటి రోజు నుంచే ఎన్ని డోసులు కావాలో తెలిసుండేది.

రోటా విషయంలోనూ అంతే. లాటిన్ అమెరికాలో తీవ్రమైన రోటా విరేచనాల నుంచి టీకా 85 శాతం దాకా కాపాడింది. ఆఫ్రికాలో మలావీలో 49 శాతం. మన దేశంలోనే పుట్టిన రోటావాక్‌ని ఢిల్లీ, పుణె, వేలూరు ప్రాంతాల్లో 6,800 మంది దాకా పిల్లల మీద పరీక్షిస్తే మొదటి ఏడాది 56 శాతం. తప్పుగా అర్థం చేసుకోకండి. ఈ జబ్బుతో మన దేశంలో ఏటా 78 వేల మంది పిల్లలు పోయేవారని అంచనా. అందులో సగానికి పైగా ఆపగలిగే టీకా దొరికితే కళ్ళకద్దుకోవాలి. 2016లో ఆ చుక్కలు ముందుగా మొదలైన నాలుగు రాష్ట్రాల్లో మనదొకటి, అందుకు నాకు గర్వంగా ఉంది. మీ ఇంట్లో పసిపిల్లలుంటే ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం తప్పకుండా వేయించండి. నా బాధల్లా మిగతా 44 శాతం గురించే.

ఎందుకిలా? కారణాలు ఒకదానికొకటి అల్లుకుని ఉన్నాయి. తల్లి నుంచి బిడ్డకి వచ్చిన యాంటీబాడీలు టీకా వైరస్‌ని అడ్డుకోవచ్చు. అలాగని చనుబాలు ఆపకూడదు, ఎట్టి పరిస్థితుల్లోనూ. పేగులో అప్పటికే కాపురం ఉన్న ఇతర క్రిములు, అదే రోజు వేసిన పోలియో చుక్కలు కూడా పోటీ పడతాయి. వీటన్నిటి కన్నా నన్ను కలవరపెట్టేది ఇంకోటి. మురుగు కలిసిన నీళ్ళు రోజూ కొద్ది కొద్దిగా కడుపులోకి పోతుంటే, విరేచనాలు పట్టకపోయినా పేగు గోడ మెల్లగా దెబ్బతింటుంది. వేళ్ళలా నిలబడాల్సిన పేగు పొరలు మొద్దుబారతాయి. తిన్నది వంటబట్టదు, టీకా కూడా సరిగ్గా పట్టదు.

మా డెల్టా నీళ్ళ సంగతి మాకు తెలుసు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ళ చెరువు నింపుతారు. మళ్ళీ కాలువ వదిలేదాకా అదే ఆధారం. పైనున్న ఊళ్ళ డ్రెయిన్లు, చెరువుల నీళ్ళు ఏ కాలువలో కలుస్తాయో చూస్తూనే ఉంటాం. లంకలో ఆ పిల్లాడికి చుక్కలు వేసిన రోజు, పక్కింటి అరుగు మీద బిందెలో నీళ్ళు లేత పసుపు రంగులో ఉన్నాయి. నాయనమ్మ పటికబెల్లంలా తెల్లగా ఉన్న పటికముక్కని నాలుగుసార్లు తిప్పి, "తేరుకుంటాయండీ" అంది. పటిక వేస్తే మట్టి దిగుతుంది. క్రిములన్నీ దిగవు.

టోక్యో వాళ్ళ బియ్యం టీకాని మనుషులకి ఇచ్చినప్పుడు ఏమైందో చూడండి. 2021లో ఫలితాలు వచ్చాయి. ఆరోగ్యంగా ఉన్న యువకులు, బియ్యం పిండిని ఉప్పునీళ్ళలో కలిపి తాగించారు. టీకా తాగిన 30 మందిలో 11 మందికి స్పందన చాలా తక్కువ, లేదా అసలు లేదు. వాళ్ళ పేగుల్లోని సూక్ష్మజీవుల రకాలు తక్కువగా ఉన్నాయని తేలింది. శుభ్రమైన నీళ్ళు తాగే, కడుపు నిండా తినే జపాన్ కుర్రాళ్ళలోనే పొట్టకీ పొట్టకీ ఇంత తేడా ఉంటే, మా పది వారాల పిల్లాడి సంగతేమిటి?

అందుకే నా వాదన. మొక్కల నానో ఉండ ఆమ్లాన్ని దాటితే చాలదు. ఈ రంగంలో చాలా పేపర్లు అక్కడే సంబరపడి ఆగిపోతాయి. కృత్రిమ జీర్ణరసంలో రెండు గంటలు ఉంచాం, 80 శాతం నిలిచింది, ఎలుకలో ఐజీఏ పెరిగింది, అయిపోయింది. ఆ ఎలుక పరిశుభ్రమైన బోనులో పుట్టి, స్టెరిలైజ్ చేసిన తిండి తిన్న ఎలుక. దాని పేగు పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంటుంది. మా పిల్లల పేగు అలా ఉండదు. మొద్దుబారిన పేగులో ఎం-కణాలు అదే లెక్కలో దొరుకుతాయా? జిగురు పొర మందంగా ఉంటే 200 నానోమీటర్ల ఉండ దాన్ని దాటుతుందా, లేక 50 చెయ్యాలా? పోషకాహారం తక్కువైన ఎలుకల్ని, మురికి తిండి తిన్న ఎలుకల్ని పెట్టి ఈ ప్రశ్నలు అడగవచ్చు. మొదటి ఏడాదే అడగవచ్చు. ఉండ సైజు, పైపూత, డోసు ఆ జవాబుల్ని బట్టి నిర్ణయించవచ్చు. అన్నీ ఖాయం చేసుకున్నాక, పదేళ్ళ తర్వాత మన దగ్గరికొచ్చి, ఇక్కడ సగమే పని చేసింది అని నిట్టూర్చడం ఎందుకు?

మనుషుల మీద పరీక్షలూ ఇక్కడే, ముందుగానే జరగాలంటాను. ఈ మాట అనడానికి భయపడతారు, ఆ భయం న్యాయమైనదే. 2009లో ఇదే గోదారి పైనున్న ఖమ్మం జిల్లాలో హాస్టళ్ళలో చదివే గిరిజన ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. చాలా అంగీకార పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకి టీకా కారణం కాదన్నట్టే విచారణ తేల్చినా, 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ తల్లిదండ్రుల్ని అడక్కుండా చేసిన పని ఎన్ని ఊళ్ళ నమ్మకాన్ని పోగొట్టిందో ఎవరు లెక్కపెట్టగలరు? ఇప్పటికీ అక్క కొత్త టీకా పేరు చెబితే, "ఇది ప్రయోగమాండీ?" అని అడిగే తల్లులున్నారు. అక్క విసుక్కోదు. అరుగు మీద కూచుని, సీసా చూపించి, దేనికో చెబుతుంది.

అలాగే జరగాలి పరీక్షలు. 2019లో వచ్చిన క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో పరిహారం ఉంది, ఎథిక్స్ కమిటీ ఉంది, అవి కాగితం మీదే మిగలకూడదు. ముందు ఈ ప్రాంతపు పెద్దవాళ్ళలో, తర్వాత పెద్ద పిల్లల్లో, ఆఖర్న పసివాళ్ళలో. మన గోదారి తెలుగులో రాసి, ఇంట్లో కూచోబెట్టి చదివి వినిపించి, తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకున్నాకే. ఊళ్ళోవాళ్ళకి ఫలితం తిరిగి వచ్చి చెప్పి తీరాలి, పని చెయ్యలేదని తేలినా సరే.

మా కాలేజీలో సివిల్ ఇంజినీరింగ్ చెప్పే స్నేహితుడొకాయన ఇదంతా విని, "మాస్టారూ, ముందు మంచినీళ్ళివ్వండి. ఈ నానోలకి పెట్టే డబ్బుతో ఎన్ని ఊళ్ళకి పైపులు వెయ్యొచ్చో" అన్నారు. ఆయన మాట కొట్టిపారెయ్యలేను. మంచినీళ్ళు వస్తే పేగు బాగుపడుతుంది, అప్పుడు ఏ టీకా అయినా ఇంకా బాగా పడుతుంది. నీళ్ళు ఇవ్వకుండా టీకాతో సరిపెట్టాలని చూసే ఏ ప్రభుత్వాన్నయినా నేనూ నిలదీస్తాను. కానీ రోటా ఒక్క మురికి నీళ్ళతోనే రాదు. టీకా రాకముందు, కొళాయి తిప్పితే స్వచ్ఛమైన నీళ్ళొచ్చే దేశాల్లో కూడా ఐదేళ్ళు నిండేలోగా దాదాపు ప్రతి పిల్లకీ సోకేది. పైపు లంకకి చేరేలోపు ఈ ఏడాది పుట్టిన పిల్లాడు బడికి వెళ్ళే వయసుకొస్తాడు. వాడి పదో వారం ఎవరి కోసమూ ఆగదు.

ఆయనతో ఒక విషయంలో రాజీ కుదిరింది. టీకా పరీక్ష జరిగే ప్రతి ఊళ్ళో నీళ్ళని కూడా పరీక్షించాలి. ఆ మిరప వైరస్‌ని చెరువులో వెతికితే మురుగు ఎంత కలిసిందో తెలుస్తుంది. ఏ చెరువు నీళ్ళు తాగే పిల్లలకి టీకా ఎంత పట్టిందో పక్కపక్కన పెట్టి చూస్తే, ఆయన పైపుల వాదనకీ నా టీకా వాదనకీ ఒకే కాగితం మీద రుజువు దొరుకుతుంది. ఈ డిసెంబరులో పిల్లల ప్రాజెక్టుల్లో ఒకటి అదే పెట్టాలనుకుంటున్నాం. ఆయన విద్యార్థులు నీళ్ళ నమూనాలు తెస్తారు. నా విద్యార్థులు జీన్ ఉండల్ని మామూలు జీర్ణరసంలోనే కాకుండా, ఆమ్లం తగ్గిన, క్రిములు పెరిగిన రసంలో కూడా ఉంచి చూస్తారు. చిన్న కాలేజీలో చెయ్యగలిగింది అంతే, అయినా మొదలుపెడతాం.

నిన్న రాత్రి అక్కకి ఫోన్ చేసి, లంకలో ఏయే ఇళ్ళు ఏ చెరువు నీళ్ళు తాగుతున్నాయో నీ రిజిస్టర్‌లో ఉందా అని అడిగాను. రిజిస్టర్‌లో లేదంది. తర్వాత తనే గుర్తు తెచ్చుకుంటూ, తూర్పు పేటలో ఎనిమిది ఇళ్ళు చేతిపంపు, రామాలయం వీధి మొత్తం చెరువు, రేవు దగ్గర నాలుగు కుటుంబాలు నేరుగా పాయ నీళ్ళే అని ఒక్కొక్కటీ చెప్పింది. నేను రాసుకున్నాను. "ఆ పిల్లాడిది?" అని అడిగితే, "రేవు దగ్గర ఇల్లేరా వాళ్ళది" అంది.